డాలస్‌లో కుదరనిది ఆల్బుకర్కీలో కుదురుతుంది: అమెరికా అబార్షన్ చట్టాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి, కొన్ని అక్కడ పిల్లలున్న తల్లుల నుంచి. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాం, ఎందుకంటే ఈ విషయంలో ఊరిని బట్టే జవాబు మారిపోతుంది.

జవాబుల్లోకి వెళ్లేముందు రెండు ముక్కలు. 1973లో రో వర్సెస్ వేడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల దాదాపు యాభై ఏళ్లు అబార్షన్ హక్కు దేశమంతటా ఉండేది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసి, ఏం చేయాలో మీ మీ రాష్ట్రాల్లోనే తేల్చుకోండి అంది. అప్పటి నుంచి ఎవరి చట్టం వాళ్లది. ఈ చట్టాలు చాలా త్వరగా మారుతుంటాయి. ఇక్కడ రాసినవి 2025 చివరి నాటి సంగతులు, మీరు అడుగు వేసే రోజున మళ్లీ ఒకసారి కనుక్కోండి.

రెండోది వారాల లెక్క. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆరు వారాలంటే కలిసిన రోజు నుంచి ఆరు వారాలని అనుకుంటారు. డాక్టర్లు, చట్టాలు లెక్కపెట్టేది మాత్రం ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి. అంటే పీరియడ్ రావాల్సిన రోజు వచ్చేసరికే నాలుగు వారాలు అయిపోయినట్టు. ఆరు వారాల చట్టం ఉన్న రాష్ట్రంలో, నెల తప్పిందని తెలిశాక మీకు మిగిలేది మహా అయితే రెండు వారాలు. పీసీఓడీ ఉండి పీరియడ్స్ ఎప్పుడొస్తాయో తెలియని వాళ్లకైతే అదీ మిగలదు.

ప్రశ్న: నాకు ఇది రెండో ప్రెగ్నెన్సీ. 19వ వారంలో చేసిన స్కాన్‌లో బిడ్డ మెదడు, గుండె రెండింటిలో పెద్ద లోపాలున్నాయన్నారు. పుట్టినా బతకడం కష్టమట. "ఇప్పుడేం చేయాలి" అని అడిగితే మా డాక్టర్ నేలచూపులు చూస్తూ "టెక్సస్‌లో నేనేమీ చెప్పలేను" అన్నారు. ఆమె అలా ఎందుకన్నారు? మాకు దారి ఉందా మేడమ్?
– ఫ్రిస్కో, టెక్సస్

దారి ఉందమ్మా. ఆ మాట ముందు చెప్పి మిగతాది తర్వాత చెబుతాను.

మీ డాక్టర్ మీద కోపం పెట్టుకోకండి. టెక్సస్‌లో 2022 ఆగస్టు 25 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, తల్లి ప్రాణానికో, ముఖ్యమైన అవయవం పనితీరుకో తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప అబార్షన్ చేయకూడదు. చేసిన డాక్టరుకు జీవితఖైదు దాకా పడొచ్చు, లక్ష డాలర్లకు తక్కువ కాకుండా జరిమానా, లైసెన్సు కూడా పోతుంది. బిడ్డకు ఎంత పెద్ద లోపం ఉన్నా ఆ చట్టంలో మినహాయింపు లేదు. అత్యాచారానికి కూడా లేదు. మీ ఊరి పక్కనే, డాలస్ ప్రాంతంలోనే ఉండే కేట్ కాక్స్ అనే ఆవిడ 2023 డిసెంబరులో ఇదే పరిస్థితిలో కోర్టుకు వెళ్లారు. ఇద్దరు పిల్లల తల్లి, 20 వారాల గర్భం, బిడ్డకు ట్రైసోమీ 18 అనే తీవ్రమైన జన్యులోపం. కింది కోర్టు జడ్జి సరేనన్నారు, టెక్సస్ సుప్రీంకోర్టు కుదరదంది. ఆ తీర్పు వచ్చేలోపే ఆమె వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. దేశమంతా చూస్తుండగా, లాయర్లను వెంటబెట్టుకుని వెళ్లిన మనిషికే అక్కడ పని జరగలేదు. కాబట్టి మీరు కోర్టు గురించి ఆలోచిస్తూ రోజులు పోగొట్టుకోవద్దు.

మీకు ఇప్పుడు అన్నిటికంటే విలువైనవి రోజులే. టెక్సస్ చుట్టూ ఉన్న ఓక్లహోమా, ఆర్కన్సా, లూసియానా మూడింటిలోనూ నిషేధమే. కాన్సస్‌లో 22 వారాల దాకా చేస్తారు. డాలస్ నుంచి అక్కడి విచిటా ఊరికి కారులో ఐదున్నర, ఆరు గంటలు. కానీ మీరు 19లో ఉన్నారు, ఉమ్మనీటి పరీక్ష పూర్తి రిపోర్టు రావడానికే రెండు వారాలు పట్టొచ్చు, ఆ తర్వాత అపాయింట్‌మెంట్ దొరకాలి, అప్పటికి కాన్సస్ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. న్యూమెక్సికోలో, కొలరాడోలో చట్టం వారాల పరిమితి పెట్టలేదు. ఆగమని చెప్పే వెయిటింగ్ పీరియడ్ కూడా లేదు. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి క్లినిక్కూ అన్ని వారాలకూ చేస్తుందని కాదు. ఫోన్ చేసి "మీరు ఎన్ని వారాల దాకా చేస్తారు" అనేదే మొదటి మాటగా అడగండి. 20 దాటాక ఇది ఒక్క రోజులో అయ్యే పని కూడా కాదు, రెండు మూడు రోజులు అక్కడే ఉండాల్సి రావొచ్చు. మొదటి వారాల్లో మాత్రలతో అయితే 500–600 డాలర్ల దగ్గర అయ్యేది ఈ దశలో వేలల్లోకి వెళుతుంది.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. మీ స్కాన్ రిపోర్టు, స్కాన్ బొమ్మలు, రక్తపరీక్షల ఫలితాలు అన్నీ ఆసుపత్రి పోర్టల్ నుంచి దించుకుని మీ దగ్గర పెట్టుకోండి. వాటి కాపీలు అడిగే హక్కు ఫెడరల్ చట్టమే మీకిచ్చింది, ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. అవతలి రాష్ట్రం డాక్టర్ అవి చూస్తే ఫోన్‌లోనే చాలావరకు చెప్పేస్తారు, మళ్లీ మొదటి నుంచి పరీక్షలంటూ వారం పోదు.

న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీకి కారులో అయితే సుమారు 650 మైళ్లు. అమరిల్లో మీదుగా ఐ-40 మీద పోతారు. విమానమైతే రెండు గంటల లోపే. అదే రాష్ట్రంలోని లాస్ క్రూసెస్‌లోనూ క్లినిక్కులున్నాయి. డాబ్స్ కేసులో ఓడిపోయిన మిసిసిపీ క్లినిక్ కూడా అక్కడికే తరలిపోయింది. కానీ అది మెక్సికో సరిహద్దుకు దగ్గర. ఎల్ పాసో నుంచి ఐ-10 మీద తిరిగొచ్చేటప్పుడు సియెరా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు తగులుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చిన వివరాలు చూపే ఐ-94 కాగితం దగ్గర పెట్టుకోవాల్సిందే. అక్కడ అడిగేది మీ స్టేటస్ గురించి. ఆసుపత్రి సంగతులు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ టెన్షన్ వద్దనుకుంటే ఆల్బుకర్కీనో కొలరాడోలోని డెన్వరో నయం.

2023లో టెక్సస్ నుంచి న్యూమెక్సికోకు 14 వేల మందికి పైగా ఇలా వెళ్లారని, అబార్షన్ల లెక్కలు సేకరించే గట్‌మాకర్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. మీరు ఒంటరి కాదని చెప్పడానికి ఈ అంకె ఇస్తున్నాను. కోరుకున్న బిడ్డ గురించి ఇలాంటి నిర్ణయం తీసుకోవడమే నరకం. ఆ దుఃఖంలో మనిషి సూట్‌కేసు సర్దుకుని, పెద్ద పిల్లను ఎవరింట్లోనో వదిలి, ముక్కూమొహం తెలియని ఊళ్లో హోటల్ గదిలో పడుకోవాల్సి రావడం అన్యాయం. ఇది నా గట్టి అభిప్రాయం, దాచుకోను. ఉంచుకోవాలని మీరిద్దరూ అనుకున్నా అదీ మీ నిర్ణయమే. అప్పుడు పుట్టాక బిడ్డకు నొప్పి లేకుండా చూసే వైద్యం గురించి మీ ఆసుపత్రిలోనే అడగండి. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ప్రశ్న: మా ఆవిడను న్యూమెక్సికో తీసుకెళ్తే కారు నడిపినందుకు నా మీద కేసు పెడతారని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. హెచ్-1బీ కూడా రద్దవుతుందట. నిజమేనా?
– ఇర్వింగ్, టెక్సస్

వేరే రాష్ట్రానికి వెళ్లి అక్కడి చట్టం ప్రకారం అబార్షన్ చేయించుకోవడం నేరం కాదు. రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసిన జడ్జీల్లో ఒకరైన జస్టిస్ కవనా కూడా, ఒక రాష్ట్రం తన మనుషులను అబార్షన్ కోసం పక్క రాష్ట్రానికి వెళ్లకుండా ఆపగలదా అన్న ప్రశ్నకు, రాజ్యాంగం ప్రకారం ఆపలేదనే రాశారు. హెచ్-1బీ పొడిగింపు కాగితాల్లో ఎక్కడా ఇలాంటి ప్రశ్న లేదు.

ఆ వాట్సాప్ మెసేజ్ గాల్లోంచి పుట్టలేదు. 2023 అక్టోబరులో లబక్ కౌంటీ, అబార్షన్ కోసం ఎవరినైనా తమ రోడ్ల మీదుగా తీసుకెళ్లడం తప్పని స్థానికంగా ఒక నిబంధన చేసింది. దాన్ని అమలు చేసేది పోలీసులు కారు, ఎవరైనా ప్రైవేటు మనిషి సివిల్ దావా వేయాలి. గర్భంతో ఉన్న ఆవిడ మీద వేయడానికి లేదు. అలాంటిదే అమరిల్లోలో పెట్టబోతే 2024 నవంబరులో ఓటర్లు ఓడించారు. మీరు ఐ-40 మీద వెళితే లబక్ తగలదు.

నేను మీకు అసలు చెప్పదలచుకున్నది ఆ "ప్రైవేటు మనిషి" గురించి. అబార్షన్‌కు సాయం చేసినవాళ్ల మీద ఎవరైనా దావా వేయొచ్చంటూ టెక్సస్ 2021లో తెచ్చిన ఎస్‌బీ-8 చట్టం దగ్గర నుంచి, మాత్రలు పంపినవాళ్ల మీద కనీసం లక్ష డాలర్లకు దావా వేసుకోవచ్చని 2025 డిసెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌బీ-7 దాకా, వీటిని నడిపించేది పక్కింటివాళ్లు, చుట్టాలు, గొడవపడి విడిపోయినవాళ్లు. గాల్వెస్టన్ కౌంటీలో 2023లో ఒకాయన, తన మాజీ భార్యకు మాత్రలు దొరకడానికి సాయం చేశారని ఆమె స్నేహితురాళ్ల మీద దావా వేశాడు. అతని చేతిలో ఉన్న ఆధారమేమిటంటే వాళ్లు ఫోన్లో పెట్టుకున్న మెసేజీలు. ఆ తర్వాత దావా వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటిదాకా ఆ అమ్మాయిలు పడ్డ అవస్థ ఎవరు తీరుస్తారు?

కాబట్టి తమ్ముడూ, నీకు భయం ఉండాల్సింది హైవే పోలీసు గురించి కాదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఎవరికైనా మంచి క్లినిక్ తెలుసా" అని అడక్కు. ఆఫీసులో మేనేజరుకు లీవు కారణం వివరంగా రాయకు, ఫ్యామిలీ మెడికల్ అంటే చాలు. మన వాళ్లలో ప్రెగ్నెన్సీ కబురు ఎంత వేగంగా తిరుగుతుందో నీకు తెలియంది కాదు. మూడో నెల దాటాక చెబుదామనే అలవాటు మన ఇళ్లలో ఎలాగూ ఉంది, ఈ ఒక్క విషయంలో అది ఆడపిల్లకు రక్షణ. చట్టపరంగా అనుమానం ఉంటే రీప్రో లీగల్ హెల్ప్‌లైన్ ఉంది, మనం ఎవరమో బయటకు చెప్పకుండా లాయర్లు మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఏడో వారమట, వాళ్లిద్దరూ వద్దనుకుంటున్నారు. అక్కడ కుదరదంటున్నారు కదా, ఇక్కడికి పిలిపించుకుంటే? మన దగ్గర ఆంధ్రాకూ తెలంగాణకూ కూడా తేడా ఉంటుందా?
– విజయవాడ

అమ్మా, మన దగ్గర ఆ బెడద లేదు. 1971 నాటి ఎంటీపీ చట్టం, అంటే అబార్షన్ చట్టం, కేంద్రం చేసినది, విజయవాడలోనూ హైదరాబాదులోనూ అదే. 2021 సెప్టెంబరు నుంచి సవరించిన చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 20 నుంచి 24 దాకా కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. బిడ్డకు తీవ్రమైన లోపాలుంటే 24 దాటాక కూడా మెడికల్ బోర్డు అనుమతించవచ్చు, ఆ బోర్డు మూడు రోజుల్లో చెప్పాలని నిబంధన. పెళ్లి కాని అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు చెప్పింది. 18 దాటితే ఆమె సంతకమే చాలు, భర్తదో తండ్రిదో అక్కర్లేదు. ఇప్పటికీ "మీ ఆయన్ని తీసుకురా" అనే ఆసుపత్రులు ఉన్నాయి, అది చట్టంలో లేని మాట. మన దగ్గర తేడా వచ్చేది మరో చోట. గుంటూరులో ఉన్నవాళ్లకు దొరికే డాక్టరు పాడేరు ఏజెన్సీలో ఉన్నవాళ్లకు దొరకదు.

అయినా మీ అమ్మాయిని పిలిపించొద్దనే చెబుతాను. ఆ అమ్మాయి వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే తిరిగి వెళ్లడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కావాలి, అది ఎప్పుడు దొరుకుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఒక చిన్న వైద్యం కోసం వచ్చి నెలల తరబడి ఇక్కడే ఇరుక్కుపోతే, అక్కడ ఉద్యోగం, అద్దె, అన్నీ తలకిందులు. ఏడో వారంలో మాత్రలతో అయిపోతుంది, పది వారాల దాకా ఆ మాత్రలకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉంది. డాలస్ నుంచి కాన్సస్‌కు ఒక్క రోజు ప్రయాణం. మీరు చేయగలిగిన సాయం ఏమిటంటే, ఫోన్ చేసి తిట్టకుండా, ఏడవకుండా, "నేనున్నాను, ఏం కావాలో చెప్పు" అనడం.

ప్రశ్న: మా ఇద్దరి ఉద్యోగాలూ షార్లెట్‌లో, ఇల్లు ఫోర్ట్ మిల్‌లో. ఇల్లు కొన్నప్పుడు పన్నులు, స్కూళ్లు చూశాం గానీ ఇది చూడలేదు. ఎనిమిదో వారం. మా డాక్టర్ షార్లెట్‌లోనే. మాకు ఏ రాష్ట్రం చట్టం?
– ఫోర్ట్ మిల్, సౌత్ కరోలినా

మీ ఇల్లు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు, వైద్యం ఎక్కడ జరుగుతుందన్నదే లెక్క. సౌత్ కరోలినాలో 2023 ఆగస్టు నుంచి సుమారు ఆరు వారాలే. మీ ఇంటి నుంచి రోజూ ఆఫీసుకు దాటే గీత దాటితే నార్త్ కరోలినా, అక్కడ 12 వారాలు. వినడానికి తేలిగ్గా ఉంది కదా, కానీ నార్త్ కరోలినాలో ఇంకో మెలిక ఉంది: ముందు మనిషి స్వయంగా వెళ్లి కౌన్సెలింగ్ తీసుకోవాలి, ఆ తర్వాత 72 గంటలు ఆగాలి. అంటే రెండు సార్లు వెళ్లాలి, రెండు స్లాట్లు దొరకాలి. వారాంతాలు, క్లినిక్ రద్దీ కలుపుకుంటే అది పది రోజులు అయినా ఆశ్చర్యం లేదు. మీరు ఎనిమిదిలో ఉన్నారు, ఈ వారమే మొదటి అపాయింట్‌మెంట్ పట్టండి, ఆలోచించుకోవడం కావాలంటే ఆ 72 గంటల్లో ఆలోచించుకోండి. స్లాట్ తీసుకున్నంత మాత్రాన వెళ్లి తీరాలని లేదు. ఒకవేళ 12 దాటిపోతే ఐ-77 మీద ఉత్తరానికి వెళితే రెండు గంటల లోపే వర్జీనియా సరిహద్దు. అక్కడ రెండో ట్రైమెస్టర్, అంటే సుమారు ఆరో నెల, చివరి దాకా చేస్తారు, ఆగాలన్న నియమాన్ని 2020లోనే తీసేశారు.

అదే వర్జీనియాకు, టెనెసీకి మధ్య బ్రిస్టల్ అని ఒక ఊరుంది, నడివీధే సరిహద్దు. స్టేట్ స్ట్రీట్ మధ్యలో ఇత్తడి బిళ్లలు పొదిగి ఉంటాయి, ఒక వైపు టెనెసీ, ఒక వైపు వర్జీనియా. 2022లో టెనెసీ నిషేధం పెట్టగానే ఆ వైపు క్లినిక్ మూతపడి, సుమారు మైలు దూరంలో వర్జీనియా వైపు తెరుచుకుంది. వైద్యంలో ఏమీ మారలేదు. చిరునామా మారిందంతే.

ప్రశ్న: నేను వారెన్స్‌బర్గ్‌లో ఎంఎస్ చదువుతున్నాను. ఒక సీనియర్ మిస్సోరిలో లీగల్ అంటుంది, ఇంకో సీనియర్ కాదంటుంది. కారు లేదు. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు. కాలేజీకి తెలిస్తే ఎఫ్-1 స్టూడెంట్ వీసా పోతుందా?
– వారెన్స్‌బర్గ్, మిస్సోరి

ముందు ఊపిరి పీల్చుకో తల్లీ. ఎఫ్-1కి ఏమీ కాదు, కాలేజీకి క్లినిక్ చెప్పదు, నువ్వు 18 దాటావు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పరు.

నీ సీనియర్లు ఇద్దరూ చెప్పింది నిజమే, వేర్వేరు నెలల్లో. డాబ్స్ తీర్పు వచ్చిన రోజే, నిమిషాల్లో, నిషేధం అమల్లో పెట్టిన మొదటి రాష్ట్రం మిస్సోరి. 2024 నవంబరులో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి హక్కు తిరిగి తెచ్చుకున్నారు. 2025లో క్లినిక్కులు మొదలయ్యాయి, మే నెలాఖరులో కోర్టు ఆదేశంతో ఆగాయి, జులైలో మళ్లీ మొదలయ్యాయి. 2026 నవంబరులో దీని మీదే మళ్లీ ఓటింగ్ పెట్టాలని నిర్ణయించారు. ఇలా ఊగిసలాడే చోట నీ రోజులు పెట్టుబడి పెట్టకు.

పక్కనే కాన్సస్ ఉంది. 2022 ఆగస్టు 2న అక్కడి ఓటర్లు, అదీ రిపబ్లికన్లకు కంచుకోటలాంటి రాష్ట్రంలో, అబార్షన్ హక్కు తీసేసే సవరణను 59 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. 24 గంటలు ఆగాలన్న నిబంధనను 2023లో కోర్టు నిలిపేసింది. కారు లేదన్నావు కదా, మీ ఊళ్లో ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది, గంటా గంటన్నరలో కాన్సస్ సిటీ. ఆ నగరం రెండు రాష్ట్రాల్లో ఉంది, మధ్యలో స్టేట్ లైన్ రోడ్డని పేరే పెట్టుకున్నారు. స్టేషన్ నుంచి ఉబర్‌లో ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు వెళితే అది కాన్సస్. అపాయింట్‌మెంట్ టైమును రైలు టైముకు సరిచూసుకుని తీసుకో, సాయంత్రం రైలు తప్పిపోతే ఉండటానికి ఒక గది కూడా చూసి పెట్టుకో. అక్కడికి చుట్టుపక్కల రాష్ట్రాల వాళ్లంతా వస్తారు కాబట్టి స్లాట్లకు పోటీ ఉంటుంది. ఒక క్లినిక్ లేదంటే ఇంకోదానికి చెయ్యి.

డబ్బు గురించి సిగ్గుపడకు. స్టూడెంట్ ఇన్సూరెన్స్ దీనికి ఇవ్వకపోవచ్చు. ఫోన్ చేసినప్పుడే "నేను స్టూడెంట్‌ని, అంత కట్టలేను" అని చెప్పు. నేషనల్ అబార్షన్ ఫెడరేషన్ హాట్‌లైన్ లాంటివి, అబార్షన్ ఫండ్‌లు ఇలాంటి వాళ్ల కోసమే ఉన్నాయి, క్లినిక్ వాళ్లే దారి చూపిస్తారు.

ఇంకొక్కటి. గూగుల్‌లో వెతికితే ఉచిత ప్రెగ్నెన్సీ టెస్ట్, ఉచిత స్కాన్ అనే బోర్డులు కనిపిస్తాయి. అందులో చాలావరకు అబార్షన్ చేసే చోట్లు కావు, మానిపించడానికి పెట్టినవి. మర్యాదగా కూర్చోబెట్టి, వచ్చే వారం రా, ఇంకో స్కాన్ చేద్దాం అంటూ రోజులు గడిపేస్తారు. ఫోన్‌లో "మీరు అబార్షన్ చేస్తారా" అని సూటిగా అడుగు, అవునని చెప్పకుండా "వచ్చి మాట్లాడండి" అన్నారంటే అక్కడికి వెళ్లకు. అబార్షన్ ఫైండర్ అనే వెబ్‌సైటులో అసలైన క్లినిక్కులు, వాళ్లు చేసే వారాలతో సహా దొరుకుతాయి.

ప్రశ్న: పదో వారంలో గుండె చప్పుడు లేదన్నారు. డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్) అడిగితే ఒక ఆసుపత్రి వాళ్లు ఇంటికెళ్లి ఆగమన్నారు. టెక్సస్‌లో ఇది కూడా నిషేధమేనా?
– హ్యూస్టన్, టెక్సస్

కాదు. గర్భంలో ప్రాణం పోయిన పిండాన్ని తీయడం అబార్షన్ కిందకు రాదని టెక్సస్ చట్టంలోనే రాసి ఉంది. ట్యూబులో వచ్చే ప్రెగ్నెన్సీకి చేసే వైద్యం కూడా అంతే. మీకు చేయడానికి ఏ అడ్డంకీ లేదు. ఆపుతున్నది చట్టం మీద భయం. అందుకే రిపోర్టులో గుండె చప్పుడు లేదని స్పష్టంగా రాయించుకుని, అది పట్టుకుని వేరే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఈరోజే. గంటకు రెండు ప్యాడ్లు తడిసేలా రెండు గంటలపాటు బ్లీడింగ్ అయినా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లను పరీక్షించి, పరిస్థితి నిలకడకు తేకుండా పంపించకూడదు. తల్లి ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగక్కర్లేదని డాక్టర్లకు స్పష్టం చేస్తూ 2025లో టెక్సస్ ఇంకో చట్టం కూడా చేసింది. మీ వెంట ఒకరు ఉండాలి, గట్టిగా అడిగేవాళ్లు ఉండాలి. నొప్పితో ఉన్న మనిషి తన తరఫున తానే వాదించుకోలేదు.

ప్రశ్న: మా న్యూజెర్సీలో ఈ సమస్యే లేదు. ఇలాంటి విషయాలు ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇంతగా రాయడం అవసరమా?
– ఎడిసన్, న్యూజెర్సీ

అవసరమే. మీ ఇంట్లో చదువుకునే అమ్మాయి ఉంటే మరీ అవసరం. న్యూజెర్సీలో 2022 జనవరి నుంచి ఈ హక్కు చట్టంలోనే ఉంది, వారాల పరిమితి లేదు. నది దాటి ఫిలడెల్ఫియా వెళ్లండి. పెన్సిల్వేనియాలో కూడా అనుమతి ఉన్నదే, కానీ 24 వారాల లోపు, కౌన్సెలింగ్ అయ్యాక 24 గంటలు ఆగాలి, 18 లోపు పిల్లలకు తల్లో తండ్రో సంతకం పెట్టాలి లేదా కోర్టుకు వెళ్లాలి. రెండూ "అనుమతి ఉన్న" రాష్ట్రాలే, అయినా ఇంత తేడా. మీ అమ్మాయికి జార్జియాలోని అట్లాంటాలో సీటు వస్తే ఆమె ఉండబోయేది ఆరు వారాల రాష్ట్రంలో. ఒహాయోలో ఓటర్లు 2023లో హక్కును రాజ్యాంగంలో చేర్చారు, పక్కనున్న ఇండియానాలో అదే ఏడాది నుంచి దాదాపు పూర్తి నిషేధం. మీ కంపెనీ మిమ్మల్ని ఒహాయోలోని కొలంబస్ నుంచి ఇండియానాపొలిస్‌కు మారమంటే ఇంట్లో ఆడవాళ్లకు ఏం మారుతుందో ఆఫర్ లెటర్‌లో ఉండదు.

అలా మారేముందు ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. టెక్సస్ లాంటి చోట్ల రాష్ట్ర నియమాల కింద నడిచే ప్లాన్లు మామూలుగా అబార్షన్‌కు డబ్బు ఇవ్వవు, పెద్ద కంపెనీలు సొంత నిధితో నడిపే ప్లాన్లకు ఆ రాష్ట్ర నియమం అంటదు, కొన్ని ప్రయాణ ఖర్చు కూడా ఇస్తాయి. మీది ఏ రకమో కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు, హెచ్‌ఆర్‌ని అడగనక్కర్లేదు. పిల్లలు 26 ఏళ్ల దాకా మీ ప్లాన్‌లో ఉండొచ్చు. కానీ ఏ వైద్యానికి ఎంత అయిందో చెప్పే కాగితం మామూలుగా పాలసీదారు పేరున ఇంటికి వస్తుంది, అందుకు భయపడే చాలామంది పిల్లలు ఇన్సూరెన్స్ వాడరు, డాక్టర్ దగ్గరకే వెళ్లరు. ఆ కాగితం తన పేరున, తన చిరునామాకే పంపమని ఇన్సూరెన్స్ కంపెనీకి రాసివ్వవచ్చు. ఈ సంగతి మీ అమ్మాయికి కాలేజీలో దింపేటప్పుడే చెప్పండి.